చలికాలపు విహారానికి ముందు ఖరారు కావలసినవి భోజన వేళలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే పత్రికల ఆదివారం పుటల్లో గోదావరి జిల్లాల పర్యటన గురించిన వ్యాసాలు వరసగా కనిపిస్తాయి. శనివారం పొద్దున రాజమహేంద్రవరంలో దిగి, ఆదివారం రాత్రి తిరుగు రైలు ఎక్కేలోగా ధవళేశ్వరం, కడియం, పాపికొండలు, కోరింగ, ద్రాక్షారామం, అంతర్వేది, దిండి అన్నీ చుట్టేయవచ్చునని వాటిలో చాలావరకు భరోసా ఇస్తాయి. ఆ పట్టికల్లో భోజనానికి దక్కేది ఒకే ఒక్క వాక్యం, దారిలో మంచి హోటళ్లు ఉంటాయని. ఏటా చలికాలంలో హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చే బంధుమిత్రులకు ఆతిథ్యమిచ్చే రాజమహేంద్రవరం వాసిగా నా మనవి ఏమిటంటే, ఈ వరసను తిరగవేయాలి. రెండు రోజులలో ఎప్పుడు, ఎక్కడ, ఏమి తింటామన్నది ముందు ఖరారు చేసుకుని, చూడవలసినవాటిని ఆ వేళల నడుమ మిగిలిన ఖాళీలో, అదీ ఓపిక ఉంటేనే పెట్టుకోవాలి.

ఇది తిండిపోతుతనం అనుకునేవారు ఉండవచ్చు. కానీ గోదావరి ఏ వేళకు వెళ్లినా అక్కడే ఉంటుంది, ఆనకట్టకు సెలవు లేదు. ఇక్కడి తిండి అలా కాదు. దానికి పూట ఉంది, వారం ఉంది, మాసం ఉంది. పూట తప్పితే ఊరు మొత్తం తిరిగినా అదే రుచి దొరకదు. పోయిన జనవరిలో మా బంధువుల కుటుంబం ఒకటి మూడు చోట్లు చూసుకుని, పసిపిల్లలతో, డెబ్భై దాటిన పెద్దాయనతో మధ్యాహ్నం మూడింటికి ఒక భోజన హోటలుకు చేరితే, బల్లలు తుడుస్తున్న మనిషి "అన్నం ఉందండి, కూరలే అయిపోయాయి" అన్నాడు. ఆ పూట వారు జాతీయ రహదారి పక్కన దొరికిన ఫ్రైడ్ రైస్ తిని, గోదావరి భోజనం గురించి చెప్పేదంతా గొప్పలేనన్న అభిప్రాయంతో వెనక్కి వెళ్లారు. ఇందులో హోటలువారి తప్పేమీ లేదు, ప్రణాళిక వేసిన తీరే తప్పు.

ఇక్కడి మీల్స్ హోటలు ఎలా నడుస్తుందో తెలిసినవారు పన్నెండున్నరకే ఆకు ముందు కూర్చుంటారు. అప్పటికి ముద్దపప్పు గట్టిగా ఉంటుంది. వేపుడు అప్పుడే మూకుడు దిగి ఉంటుంది, అప్పడాలు మెత్తబడి ఉండవు. కంద బచ్చలి కూరలో చివర పెట్టే ఆవ ఘాటు ముక్కుకు తగులుతుంది. చలికాలంలో ఈ కూర మా వైపు భోజనానికి పెద్ద దిక్కు. కందను పులుసుతో మెత్తగా ఉడికించి, బచ్చలి కలిపి, దించాక చల్లారనిచ్చి ఆవ కలపాలి, కనుక ఒక విడత అయిపోయిందని వెంటనే రెండో విడత వండి తేవడం ఏ వంటమనిషి వల్లా కాదు. రెండు దాటాక వచ్చినవారికి దాని బదులు ఏదో ఒక బంగాళదుంప కూర వడ్డిస్తారు. మజ్జిగ పులుసు, గోంగూర, గడ్డ పెరుగు దాకా అన్నీ తాపీగా తినాలంటే గంట పడుతుంది. ఆ తరువాత మూడు గంటల పాటు కారులో కూర్చోవడం ఎవరికీ సుఖం కాదు. గదికి వెళ్లి పడుకోవడమే తగిన కార్యక్రమం. ఏ పర్యటన పట్టికలోనూ ఈ నిద్రకు గంట కేటాయించినట్టు నేను చూడలేదు.

వేళ తరువాత చూసుకోవలసినది మాసం. కార్తికంలో మా వైపు చాలా ఇళ్లలో నీచు ముట్టరు. చిన్న హోటళ్లు కొన్ని ఆ నెల చేపల వంటకాలు తగ్గించేస్తాయి, శివాలయాలకూ వనభోజనాలకూ వెళ్లేవారితో వారాంతపు రోడ్లు నిండిపోతాయి. చేపల పులుసు కోసం వచ్చేవారికి అది సరైన నెల కాదు, శాకాహార భోజనానికి మాత్రం అంతకన్నా మంచి కాలం లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వైష్ణవాలయాలలో పెట్టే చక్కెర పొంగలి, పులిహోర, దద్దోజనం తిన్నాక వేరే టిఫిను అవసరం ఉండదు. ఆ ప్రసాదం కోసం నిద్ర లేవగలిగినవారికి ఆ వారాంతం ధన్యం. సంక్రాంతి మూడు రోజులు మాత్రం బయట తినే ఉద్దేశంతో రావద్దు. గదుల అద్దె పెరుగుతుంది, ఊళ్లకు వచ్చే కార్లతో రోడ్లు కిక్కిరుస్తాయి, హోటలు పనివారు కూడా పండుగకు ఇళ్లకు పోతారు కనుక తెరిచి ఉన్న చోట కూడా వంట అంతంతమాత్రమే. ఇంటికి పిలిచే చుట్టాలున్నవారి పండుగ అది. నన్నడిగితే సంక్రాంతి గడిచిన తరువాతి వారం నుంచి ఫిబ్రవరి నడుమ వరకు ఉన్న శని, ఆదివారాలే అన్నిటికన్నా మేలు. అయితే మాఘ మాసపు పెళ్లి ముహూర్తాలు ఎప్పుడున్నాయో పంచాంగం ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే మంచి లగ్నం ఉన్న రోజున ఊళ్లో గదీ దొరకదు, వంటవాడూ దొరకడు.

ఇక వారం. రెండు రోజులలో ఏ రోజు ఏమి తినాలన్నది చాలామంది ఆలోచించరు. శనివారం మా వైపు వెంకటేశ్వరస్వామి పేర మాంసాహారం మానేవారు ఎక్కువ, అందుచేత శనివారం మధ్యాహ్నం ఆకు భోజనం, ఆదివారం మధ్యాహ్నం చేపల భోజనం అని పెట్టుకుంటే ఊరి అలవాటుకూ మన అవసరానికీ సరిపోతుంది. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. పూతరేకుల కోసం అందరూ వెళ్లే ఆత్రేయపురం పక్కనే వాడపల్లి వెంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తులతో శనివారం నాడు ఆ కాలువ గట్టు రోడ్డు మీద బండి కదలడమే కష్టం. స్వామి దర్శనానికి వెళ్లేవారి సంగతి వేరు. కేవలం పూతరేకులకే బయలుదేరేవారు శనివారాన్ని వదిలిపెట్టి ఆదివారం వెళ్లడం మంచిది.

హైదరాబాదు నుంచి వచ్చేవారికి శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ అనుకూలంగా ఉంటుంది, తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో దింపుతుంది. సొంత కారులో వచ్చేవారు చలికాలపు పొగమంచును లెక్కలోకి తీసుకోవాలి. వేకువ వేళ కాలువలూ వరిచేలూ ఉన్న చోట జాతీయ రహదారి మీద ముందున్న లారీ వెనక దీపం కూడా దగ్గరకు వచ్చేదాకా కనబడని రోజులు ఉంటాయి. వేడి వేడి పెసరట్టు కోసం ఆ మంచులో తొందరపడవలసిన పని లేదు, ఎండ ఎక్కాక కూడా పెసరట్టు ఉంటుంది.

గది తీసుకునేటప్పుడు నాదొక సూచన. అద్దెలో పొద్దుటి టిఫిను కలిసి ఉన్నదని సంబరపడి పెద్ద హోటళ్లలో దిగేవారు, డబ్బు ఎలాగూ కట్టాం కదా అని ఆ బఫేలోనే బ్రెడ్డూ, చల్లారిన ఇడ్లీ, కార్న్‌ఫ్లేక్సూ తిని కడుపు నింపుకుంటారు. రాజమహేంద్రవరానికి వచ్చి చేసుకోగల నష్టాలలో ఇదే పెద్దది. ఉత్త గదికే డబ్బు కట్టి, పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచి, వీధి టిఫిను హోటలులో పెనం మీది నుంచి నేరుగా ఆకులోకి వచ్చే ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి తినాలి. మినప దిబ్బరొట్టె దొరికే చోటు ఎవరైనా చెబితే అక్కడికే వెళ్లాలి. పాలకొల్లు వైపు దీన్ని మందపాటి మూకుట్లో పోసి, కిందా పైనా బొగ్గుల సెగ పెట్టి కాలుస్తారు. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండే ఆ రొట్టెకు సన్నని సెగే కావాలి కనుక, ఆర్డరు ఇచ్చాక పావుగంట పైనే నిలబడవలసి ఉంటుంది. పన్నెండు ప్రదేశాల జాబితా జేబులో ఉన్నవాడు ఆ పావుగంట నిలబడలేడు.

శనివారం భోజనం, నిద్ర అయ్యాక సాయంత్రానికి ఊళ్లోనే కావలసినంత ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలున్న ఆర్ట్ గ్యాలరీలో అరగంట గడిపి, పుష్కర ఘాట్‌లో హారతి చూసి, కోటగుమ్మం వైపు నడిస్తే అక్కడి రోజ్ మిల్క్ సరేసరి. చలిలో చల్లని పాలేమిటని బయటి ఊళ్లవారు అడుగుతారు. మా ఊరి చలి అంతటి చలి కాదు. రోడ్డు పక్క తంపట వేసిన తాటి తేగలు అమ్ముతుంటారు, అవి ఈ కాలంలో తప్ప దొరకవు. తేగను నిలువునా చీల్చి, నడుమనున్న లేత చందమామను పిల్లలకిచ్చి, పీచు తీసుకుంటూ నమలడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయమంతా గట్టు మీద కూర్చునేందుకు అదే మంచి సాకు. ఇంత తిన్నాక రాత్రి ఇంకొక విందు పెట్టుకోవద్దు. పెద్దవారున్న కుటుంబాలు పాలూ పళ్లతో సరిపెట్టుకుంటేనే ఆదివారం భోజనానికి ఆకలి మిగులుతుంది.

ఆదివారం ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం వెళ్లడానికి సుమారు 25 కిలోమీటర్లు. 1852 నాటికి కాటన్ దొర పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో కట్టిన నేటి బ్యారేజీ దాటి, బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు పట్టుకుంటే ప్రయాణమే విహారం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిందన్నది అందరూ రాసే విషయమే. డబ్బా కొనుక్కుని వెనుదిరగకుండా రేకు తీయడం చూడమని నేను చెబుతాను. పొయ్యి మీద బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పలుచని బియ్యపు పిండి నీళ్లలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని ఆ కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ దాటేసరికి రేకు ఆరి పైకి లేస్తుంది. ఆ లాగుడులో చేయి ఏమాత్రం ఆగినా రేకు మందమవుతుంది, తొందరపడితే చిల్లులు పడుతుంది. పొగలో, సెగలో గంటల తరబడి కూర్చుని ఈ పని చేసేది ఎక్కువగా స్త్రీలే. అది చూసినవారు ధర దగ్గర బేరమాడరని నా నమ్మకం. అక్కడే తినడానికి బెల్లం, నెయ్యి వేసి అప్పుడే చుట్టినది అడగండి, డ్రైఫ్రూట్స్ కూరిన డబ్బాలు ఇంటికి పట్టుకెళ్లేందుకు ఎటూ ఉన్నాయి. పక్కనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం ఉంది, మధ్యాహ్నం తలుపులు మూయకముందే చూసుకుంటే అక్కడి నుంచి రావులపాలెం, కొత్తపేట దారిలో చేపల భోజనానికి వేళ సరిపోతుంది.

ఆ చేపల భోజనం గురించి కొంచెం కఠినంగానే రాయాలి. చలికాలంలో గోదావరి జిల్లాలకు వచ్చి పులస కావాలని పట్టుబట్టేవారి వల్ల హోటళ్లు పాడవుతున్నాయి. పులస సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చే చేప. దాని రోజులు జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉండే వరద రోజులు. పుస్తెలమ్మి అయినా తినాలన్న మాట ఆ రోజులకు చెప్పినది. డిసెంబరులో బోర్డు మీద పులస పులుసు అని కనబడితే అది ఫ్రీజరులో దాచినదైనా అయ్యుండాలి, నదిలోకి ఎక్కకముందు సముద్రంలోనే పట్టిన విలస అయినా అయ్యుండాలి. అడిగేవారు ఉన్నంతకాలం అమ్మేవారు ఉంటారు. చీరమేను (చాలా సన్నని చేపపిల్లలు) కూడా దసరా నుంచి నాగుల చవితి దాకా తూరుపు గాలులతో వచ్చి వెళ్లిపోయే సంబరమే, దాన్ని పుష్యంలో వెతకడం దండగ. చలికాలంలో అడగవలసినవి పండుగప్ప, కొరమేను, బొమ్మిడాయిలు, రొయ్యలు. అంతకన్నా మంచి పద్ధతి, సర్వరును మెనూ కార్డు అడగకుండా "ఈ పొద్దున ఏం వచ్చాయండీ" అని అడగడం. నిజాయితీ ఉన్న హోటలయితే రెండు పేర్లు చెబుతారు. ఇరవై పేర్లు గడగడా చదివితే మాత్రం అవన్నీ ఐసుపెట్టెలోవేనని గ్రహించి పప్పన్నం తినడం క్షేమం.

ఇలా ప్రణాళిక వేసుకుంటే వదులుకోవలసినవి చాలానే ఉన్నాయని నాకు తెలుసు. పాపికొండల పడవ ప్రయాణం పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా మనల్ని పట్టి ఉంచుతుంది, టిఫినూ భోజనమూ పడవలో వారు పెట్టిందే తినాలి. అది అందమైన ప్రయాణమే, దానికి వేరే వారాంతం కేటాయించాలి. కాకినాడ ఇక్కడికి 65 కిలోమీటర్ల దూరం, అటు పోతే సుబ్బయ్య గారి హోటలు భోజనం, గొట్టం కాజా, కోరింగ మడ అడవులు కలిపి ఒక పూర్తి యాత్ర అవుతుంది. తాపేశ్వరం మడత కాజా కూడా ఆ తూర్పు దారి యాత్రలోకే వస్తుంది. అంబాజీపేట పొట్టిక్కలు పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికే పొద్దుటి టిఫిను, వాటి కోసం రాజమహేంద్రవరం నుంచి చీకటితో బయలుదేరడం కన్నా అమలాపురంలోనో దిండిలోనో రాత్రి బస చేసినప్పుడు వెళ్లడం సుఖం. ఒక్క వారాంతంలో ఇవన్నీ తినేయాలనుకునేవారికీ, పన్నెండు ప్రదేశాలు చూసేయాలనుకునేవారికీ పెద్ద తేడా లేదు.

హోటలు యజమానులకు కూడా ఒక మాట. ఫుల్ మీల్స్ తినలేని వృద్ధులకూ, పిల్లలకూ చిన్న భోజనం తగ్గించిన ధరకు పెట్టే ఏర్పాటు చాలా చోట్ల లేదు. ఆకులో వదిలేసిన అన్నం చూస్తే వడ్డించినవారికీ తిన్నవారికీ బాధే. చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉండడం కూర రుచికి తక్కువ విషయం కాదు. ఆడవారితో, పెద్దవారితో ప్రయాణించే కుటుంబాలు మళ్లీ రావాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటాయి. ఏదైనా వంటకం అయిపోతే తలుపు దగ్గరే పలక మీద రాసి పెడితే, టోకెను తీసుకున్నాక నిరాశపడవలసిన అవసరం ఉండదు.

చివరిగా మీ పత్రికకు నా విన్నపం. పర్యటన వ్యాసాలలో దృశ్యాల వర్ణన మాకు చాలినంత దొరుకుతోంది, కావలసిన సమాచారం దొరకడం లేదు. ఏ ఊళ్లో భోజనం ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, ఏ వారం సెలవు, ఏ నెలలో ఏ కూర, ఏ చేప నిజంగా దొరుకుతుంది, మెట్లెక్కలేని పెద్దవారికి కింది అంతస్తులో బల్లలున్నాయా అన్న విషయాలు మీ మండల విలేకరులకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. హోటళ్లకు చుక్కలూ మార్కులూ వేయనక్కరలేదు, ప్రకటన ఇచ్చినవారి పేర్లు అందులో చేరనక్కరలేదు. ఊరి పేరు, వేళ, వంటకం, సెలవు రోజు, ఈ నాలుగూ ఉంటే మిగతాది పాఠకులు చూసుకుంటారు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట ప్రయాణం పెట్టుకునేవారు గదులూ రైలు టికెట్లూ సంక్రాంతికి ముందే చూసుకుంటారు కనుక, ఆ పట్టికను పండుగకు కనీసం రెండు వారాల ముందు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం.